పాలు పొంగేంత దూరం

బొత్తాల కొట్టు, పేట అంగళ్ల వరస
ఎండలు ముదురుతున్న రోజులు

బుజ్జీకి,

వదిన ఆశీస్సులు. ఆఫీసులో అందరూ నిన్ను మేడమ్ అంటారట, అననీ. నాకు మాత్రం నువ్వు జడలో రిబ్బను ఊడిపోతే ఏడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చిన బుజ్జివే.

ఫోన్‌లో మాట్లాడుకుందామంటే మీ అన్నయ్య సగంలో లాక్కుని, "తిన్నావా, సరే అయితే" అని పెట్టేస్తారు. అందుకే ఈ కాగితం. ఇందులో దూరడానికి ఆయనకి సందు లేదు.

ఇక్కడంతా కులాసా. నువ్వు వచ్చి చాన్నాళ్లయినా వరస ఏమీ మారలేదు. ఆ చివర కిరాణా అక్కయ్య, పక్కన మందుల మామయ్య, ఆ తరవాత సెలూన్ తమ్ముడు, చెప్పులు కుట్టే పెద్దాయన, ఈ చివర నా బొత్తాల కొట్టు. ఒకళ్లు భోజనానికి వెళ్తే పక్కవాళ్లు గల్లాపెట్టె చూస్తారు. మొన్న పెద్దాయన నా కొట్లో కూర్చుని తెల్ల దారం బదులు లేసు అమ్మేశాడు. కొన్నావిడ అదే బాగుందని పట్టుకుపోయింది!

అసలు సంగతికి వస్తాను. నిన్న మా వరసకి ఒక కొత్త మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఒక పెద్ద నల్ల గొడుగు వేసుకుని, చేతిలో అట్టముక్క, దానికి కాగితాలు. షట్టర్లు లెక్కపెడుతున్నాడు. పన్నులవాళ్లు తప్ప షట్టర్లు ఎవరు లెక్కపెడతారు చెప్పు? సెలూన్ తమ్ముడు గడ్డం సగం గీసిన మనిషిని లోపలే పెట్టి షట్టర్ దించేశాడు. కిరాణా అక్కయ్య బస్తాలకి గోనె కప్పేసింది. మామయ్య లైటు ఆర్పేశాడు. రెప్పపాటులో వరస మొత్తం నిద్రపోయింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు కదా, ఆ లోకువ ఏదో నేనే పడదామనుకున్నాను.

"వ్యాపారం ఎలా ఉందమ్మా?" అన్నాడు. ఇక చూస్కో. "వ్యాపారమా బాబూ! ఈ కొట్లోకి పక్కింటి పిల్లి కూడా రాదు. అందరూ సిటీ సెంటర్‌కే పోతున్నారు. మేమేదో పొద్దుపోక కూర్చున్నాం" అని పైట చెంగుతో ముక్కు తుడుచుకున్నాను. పాపం ఆయన కళ్లు కూడా చెమర్చాయి. నేను చెప్పిందంతా పూసగుచ్చినట్టు రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆయన వీధి మలుపు తిరిగాక వరస వరసంతా వచ్చి నన్ను మెచ్చుకున్నారు. సగం గడ్డం మనిషి కూడా మెచ్చుకున్నాడు.

నీ నీలం కోటుకి బొత్తాం ఊడిందన్నావు కదా, మిగిలినవాటిలో ఒకటి నమూనాకి పంపు. జత చూసి పంపుతాను.

నీ వదిన

*

ఆఫీసు వెనక మేడ, సిటీ సెంటర్
మొదటి చినుకులు పడ్డ సాయంత్రం

వదినకి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వడం అయ్యాక భయం వేసింది. భయం వేశాక మళ్లీ చదివాను.

వదినా, ఆ గొడుగాయన పన్నుల మనిషి కాదు. మా ఆఫీసు మనిషి. నాకు రెండు బల్లల అవతల కూర్చుంటాడు. ఎండా వానా అని లేకుండా ఆ గొడుగు వెంట ఉంటుంది.

నేను రెండేళ్లుగా రాస్తున్న ప్లాను గురించి నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. ఊరి మధ్యలో, అంటే ఈ సిటీ సెంటర్‌లో, పెద్ద దుకాణాలు ఎలా ఉండాలి, పేటల్లో చిన్న దుకాణాలు ఎలా ఉండాలి అన్నదే దాని సంగతి. పెళ్లి బట్టలకీ, బీరువాలకీ జనం సిటీ సెంటర్‌కి రావాలి. ఉప్పుకీ, మాత్రలకీ, తెగిన చెప్పుకీ రాకూడదు. అందుకని ప్రతి పేటకీ ఒక అంగళ్ల వరస ఉండాలి, దాన్ని ఎవరూ పడగొట్టకూడదు, ఇంకో పనికి వాడకూడదు అని రాశాం. ఆ అధ్యాయం నాదే. దాన్ని రాస్తున్నంతసేపూ నా కళ్లముందు ఉన్నది మీ వరసే.

ఏ వరసలు బతికి ఉన్నాయో చూసి రమ్మని మనుషుల్ని పంపాం. గొడుగాయన మీ గురించి ఏం రాశాడో చెప్పనా? "అన్ని దుకాణాలూ మూతపడి ఉన్నవి. తెరిచి ఉన్న ఒక్క దుకాణంలోకి పక్కింటి పిల్లి కూడా రాదని యజమానురాలు కన్నీటితో తెలిపినారు." పిల్లి దగ్గరికి రాగానే అది నువ్వేనని నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు ముసాయిదాలో మీ వరస చచ్చిపోయిన వరస. దాన్ని తీసేసి, సిటీ సెంటర్‌కి వచ్చేవాళ్లు కార్లు ఆపుకుని బస్సెక్కడానికి స్థలం చేస్తారట. వదినా, నీ కొట్టు ఉన్నచోట కార్లు ఉంటాయి.

అది మా అన్నయ్య వాళ్ల వరస అని మా ఆఫీసు పెద్దావిడకి వెంటనే చెప్పేశాను. చెప్పకుండా ఉండటం తప్పు. కాబట్టి మీ కాగితాలు నేను ముట్టుకోను. కానీ ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చని వీధి వీధికీ నోటీసు అంటిస్తున్నాం, అది ఎవరికైనా చెప్పవచ్చు. మీరంతా కలిసి రాయండి. నిజం రాయండి.

ఇంకో తలనొప్పి ఉంది. "దగ్గర" అంటే ఎంత దూరం? పేటలో ప్రతి ఇంటికీ అంగళ్ల వరస దగ్గరగా ఉండాలని రాశాం. ఎంత దగ్గర అన్నదాని మీద మీటింగుల మీద మీటింగులు. ఒకాయన మీటర్లంటాడు, ఒకాయన నిమిషాలంటాడు.

బొత్తాం నమూనా ఇందులో పెట్టాను. ఈ సిటీ సెంటర్‌లో ఇన్ని అద్దాల దుకాణాలున్నాయి, ఒక్కదాంట్లోనూ బొత్తాం దొరకలేదు. "కొత్త కోటు చూపించమంటారా మేడమ్?" అన్నారు అన్నిచోట్లా.

నీ
బుజ్జి

*

బొత్తాల కొట్టు
ముసురు పట్టిన రోజు

గౌరవనీయులైన ఆడపడుచు గారికి,

తమరి ఉత్తరం అందింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నువ్వు ఆ అర్ధం కూడా దాటిపోయి ఏకంగా నా కొట్టు మీదికి కార్లు తోలుకొచ్చావు.

మీవాళ్లు పన్నులవాళ్లు కాకపోతే ఆ ముక్క ముఖాన రాసుకుని రావచ్చు కదా! "అమ్మా, మీ కొట్టు కాపాడటానికి వచ్చాను" అంటే కుర్చీ వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేదాన్ని. ఉత్తరం మీ అన్నయ్యకి వినిపిస్తే ఆయన పడీపడీ నవ్వారు. "నీ ఏడుపు అంత బాగుంటుందని నాకెప్పుడో తెలుసు, సర్కారుకి ఇప్పుడు తెలిసింది" అంటారు. ఆ రోజు ఆయనకి చారులో ఉప్పు వేయలేదు.

నవ్వులాట పక్కన పెడతాను. బుజ్జీ, నీ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇల్లు మీ అన్నయ్యది. వంటిల్లు మీ అమ్మ నాకిచ్చి వెళ్లింది. ఈ కొట్టు ఒక్కటే నేను చేసుకున్నది. ఒక పాత బల్లా, నాలుగు సీసాల బొత్తాలతో మొదలుపెట్టినప్పుడు "బొత్తాలు అమ్ముకుని మేడలు కడతావా" అన్నారు అందరూ. మేడలు కట్టలేదు. కానీ ఈ పేటలో బడికెళ్లే ఏ పిల్లాడి చొక్కా చూసినా నా బొత్తాం ఒకటైనా ఉంటుంది. అది పోతే నేను ఇంట్లో కూర్చుని ఏం చేయాలో నాకు తెలీదు.

అభ్యంతరం రాసి పంపాం. రాసింది మామయ్య, మందుల చీటీలు చదివీ చదివీ ఆయన రాత కూడా డాక్టర్ల రాత అయిపోయింది. అందుకని మళ్లీ నేను రాశాను. వరసంతా సంతకాలు పెట్టాం. జవాబు కూడా వచ్చేసింది. వచ్చే నెల మొదటి సోమవారం మళ్లీ సర్వేకి వస్తారట.

ఇక మీ మీటింగుల సంగతి. దీనికి కూడా మీటింగులా? దగ్గర అంటే, పొయ్యి మీద పాలు పెట్టి వెళ్లి, పొంగేలోపు తిరిగి రాగలిగినంత దూరం. అంతకంటే ఎక్కువైతే అది దూరమే. నేను ఇన్నేళ్లుగా పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, కిరాణా అక్కయ్య దగ్గర పంచదార పొట్లం తెచ్చుకుంటున్నాను. ఒక్కరోజూ పొంగలేదు. ఈ మాట మీ పెద్దావిడకి చెప్పు, ఆవిడ ఇంట్లోనూ పొయ్యి ఉండే ఉంటుంది.

రెండో సర్వేకి మేం సిద్ధం. ఈసారి మా వరస చూసి మీ గొడుగాయనకి కళ్లు తిరగాలి.

ఇట్లు,
తమ విధేయురాలైన వదిన

*

ఆఫీసు వెనక మేడ
శుక్రవారం

వదినా,

హడావిడిగా రాస్తున్నాను. "కళ్లు తిరగాలి" అన్న మాట చదివాక నాకే కళ్లు తిరిగాయి.

ఏమీ చేయకండి. దయచేసి ఏమీ చేయకండి. ఎప్పుడూ ఎలా ఉంటారో అలా ఉండండి. మీ మామూలు రోజు చాలు, అదే మంచి సాక్ష్యం. నేను ఇంతకంటే చెప్పకూడదు. ఇది కూడా మీకొక్కళ్లకే చెప్పడం కాదు, ఏ పేటవాళ్లు అడిగినా ఇదే చెబుతాను.

సెలూన్ తమ్ముడికి మరీ మరీ చెప్పు.

బుజ్జి

*

బొత్తాల కొట్టు
సర్వే అయిన మర్నాడు

నా బంగారు ఆడపడుచుకి,

నీ ఉత్తరం సర్వే అయిపోయాక సాయంత్రం వచ్చింది. పోనీలే, వచ్చినా వినేవాళ్లం కాదు. నిన్న జరిగింది నువ్వు చూడాల్సింది బుజ్జీ!

పొద్దున్నే మా పుట్టింటివాళ్లు వ్యాను కట్టించుకుని దిగారు. మా పెద్దక్క, ఇద్దరు మరదళ్లు, మేనమామ, ఆయన వియ్యంకులు. కిరాణా అక్కయ్య చుట్టాలు ఇంకో బండి. గొడుగు వీధి మలుపులో కనపడగానే నేను చెయ్యి ఊపాను, వరసంతా తిరనాళ్లయిపోయింది.

కిరాణా అక్కయ్య మరిది ఒకే బియ్యం బస్తాని ముందు గుమ్మంలోంచి మోసుకెళ్లడం, వెనక గుమ్మంలోంచి తేవడం. పాపం మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. మామయ్య కొట్టు ముందు అంతా దగ్గేవాళ్లే. సెలూన్ తమ్ముడు తన బావమరిదిని కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం గీశాడు, గొడుగాయన ఇటు తిరిగితే మళ్లీ సబ్బు రాసి మళ్లీ గీశాడు. సాయంత్రానికి ఆ అబ్బాయి బుగ్గలు టమాటాల్లా అయ్యాయి. చెప్పుల పెద్దాయన ఒక్కడే "నాకీ నాటకాలు రావమ్మా" అని ఎప్పటిలా కూర్చుని ఒక చెప్పు కుట్టుకున్నాడు. ఆయన మీద అందరికీ కోపం వచ్చింది.

నా కొట్లో మా పెద్దక్క ఉంది చూశావూ, దాని నోటికి తాళం లేదు. గొడుగాయన "ఎక్కడి నుంచి వచ్చారమ్మా?" అని అడిగితే, "మూడు ఊళ్ల అవతలి నుంచి బాబూ! ఈ బొత్తాల కోసమే. మా ఊళ్లో ఎవరికి బొత్తాం ఊడినా ఇక్కడికే వస్తాం. మీ సిటీ సెంటర్ దీని ముందు దిగదుడుపే" అంది. ఆయన కళ్లు పెద్దవి చేసి రాసుకున్నాడు. రాసీ రాసీ కాగితాలు అయిపోతే మామయ్య దగ్గర అడిగి తీసుకున్నాడు.

ఇంకేం, మా వరస బతికిపోయినట్టే! నీ బొత్తానికి జత వెతుకుతున్నాను. ఆ నీలం మామూలు నీలం కాదు, కొంచెం బూడిద కలిసింది. దొరుకుతుందిలే.

నీ వదిన

*

సిటీ సెంటర్
ఆ నెలాఖరు

వదినకి,

మొదటిసారి చచ్చిపోయారు. రెండోసారి ఏనుగంత అయిపోయారు.

బయటి ఊళ్ల నుంచి వందలమంది వస్తున్నారని, సిటీ సెంటర్ వ్యాపారాన్ని మీ వరస లాగేస్తోందని రాశారు. అంత పెద్ద అంగడి పేట మధ్య ఉండకూడదన్నది మా నియమం. నియమం కాదు, నా నియమం. నేనే రాశాను. ఉంచాలంటే రోడ్డు వెడల్పు చేయాలి, కార్లకి స్థలం చూపించాలి. అంటే అక్కడా ఇక్కడా తిరిగి మళ్లీ మీ కొట్ల మీదికే కార్లు వచ్చాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డారు.

రెండు సర్వేలకీ పొంతన లేదు కాబట్టి మూడోది చేస్తారట. ఏ రోజన్నది చెప్పరు. అదే చివరిది.

ఇక నుంచి ఈ విషయం నాకు రాయకు వదినా. నేనూ రాయను. అన్నయ్యని అడిగానని చెప్పు. బొత్తాం సంగతి కూడా వదిలెయ్, పిన్నీసు పెట్టుకుంటున్నాను.

బుజ్జి

*

బొత్తాల కొట్టు
వానలు వెలిసిన వారం

బుజ్జీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. వదినని వద్దనే హక్కు ఆడపడుచుకి లేదు.

నీ ఉత్తరం చూసి మొదట ఒళ్లు మండింది. ఇంత చేస్తే ఈ పిల్లకి ఇంత పొగరేమిటి అనుకున్నాను. నాలుగు రోజులు మీ అన్నయ్యతో కూడా నీ మాట ఎత్తలేదు. తరవాత మీ గొడుగాయన నోటీసు అంటించడానికి వచ్చాడు. గోడకి జిగురు అంటక అవస్థ పడుతుంటే నేనే వెళ్లి పట్టుకున్నాను. మాటల్లో "మా ఆడపడుచు మీ ఆఫీసే" అన్నాను.

"తెలుసమ్మా. ఆవిడ ఇప్పుడు మా గదిలో లేరు" అన్నాడు.

లేకపోవడమేమిటి అంటే అప్పుడు చెప్పాడు. మేం తిరనాళ్లు చేసిన మర్నాడే మీ ఆఫీసులో గుసగుసలట. లోపలి మనిషి చెప్పబట్టే వరసంతా వేషం కట్టిందని. ఎవరూ నీ ముఖం మీద అనలేదట. అయినా నువ్వే పెద్దావిడ దగ్గరికి వెళ్లి, "నేను ఉంటే ఆ వరసకి ఏ న్యాయం జరిగినా జనం నమ్మరు, నన్ను ఈ ప్లాను నుంచే తీసెయ్యండి" అన్నావట. రెండేళ్లు రాసిన పుస్తకం బల్ల మీద పెట్టి, దుకాణాల బోర్డులకి అనుమతులిచ్చే సెక్షన్‌కి వెళ్లిపోయావట. పుస్తకం అచ్చయినా అందులో నీ పేరు ఉండదట.

ఇదంతా గోడకి నోటీసు పట్టుకుని నిలబడి విన్నాను. ఆయన వెళ్లాక కొట్లో కూర్చుని నిజంగా ఏడ్చాను. ఈసారి ముక్కు తుడుచుకోవడానికి పైట కూడా చాల్లేదు. నా నోటి దురద వల్ల నీ కష్టం పోయింది బుజ్జీ. నువ్వు మామూలుగా ఉండమంటే ఉండలేకపోయాను. నన్ను తిట్టు. ఉత్తరం నిండా తిట్టు. కానీ రాయడం మానకు.

వరసవాళ్లందరికీ చెప్పాను. చెప్పుల పెద్దాయన, "ఆ పిల్ల మామూలుగా ఉండమంది కదా, ఇప్పుడైనా ఉందాం" అన్నాడు.

మామూలుగా ఉండటం ఎంత కష్టమో నీకేం తెలుసు! ఏ రోజు వస్తాడో తెలీదు కాబట్టి ప్రతిరోజూ మామూలుగా ఉండాలి. మొదటి వారం మేం మామూలుగా ఉండటం చూస్తే నీకు జాలేసేది. సెలూన్ తమ్ముడు అద్దంలో చూసుకుంటూ "అక్కా, నేను మామూలుగా ఎలా నిలబడతాను?" అని అడుగుతాడు. కిరాణా అక్కయ్య గుమ్మంలో మామూలుగా నవ్వడం ప్రాక్టీసు చేస్తుంటే పిల్లలు జడుసుకున్నారు. రెండో వారానికి విసుగొచ్చి మానేశాం. మానేశాక మామూలైపోయాం.

నీ వదిన

*

బోర్డుల సెక్షన్, కింది అంతస్తు
చలి మొదలైంది

వదినా,

నిన్ను తిట్టడానికి కాగితం తీశాను. "నా బంగారు ఆడపడుచుకి" అన్నది గుర్తొచ్చి నవ్వొచ్చింది. తిట్టు పోయింది.

నీ వల్ల కాదులే. నేను అటో ఇటో ఎటో ఒకవైపు ఉండాల్సిందే. మీ వరస ఉండిపోయి, "ఆఫీసులో చుట్టం ఉంది కాబట్టి ఉంది" అని పేటలో ఎవరైనా అంటే నువ్వు తలెత్తుకుని ఆ కొట్లో కూర్చోలేవు. నాకు తెలుసు నీ సంగతి. అందుకే వచ్చేశాను. బాధ లేదని చెప్పను. ఆ అధ్యాయం నాకు చాలా ఇష్టం. మొదటి వారం లిఫ్టులో అలవాటుగా పై అంతస్తు బటన్ నొక్కేసి, మళ్లీ కిందికి దిగేదాన్ని. ఆ కోపంలోనే నీకు అలా రాశాను, మనసులో పెట్టుకోకు.

ఇక్కడ పని సరదాగానే ఉంది. నిన్న ఒకాయన తన పేరు అక్షరాలు పక్క కొట్టు మీదికి కూడా వెళ్లాలన్నాడు. "పక్క కొట్టాయన ఒప్పుకుంటాడా?" అంటే, "వాడి పేరు చిన్నదే మేడమ్, చోటు మిగులుతుంది" అన్నాడు.

మూడో సర్వే ఎప్పుడో నిజంగా నాకు తెలీదు. తెలిసినా చెప్పను. పిన్నీసు గుచ్చుకుంటోంది. ఆ బూడిదనీలం బొత్తాం దొరికిందా?

నీ
బుజ్జి

*

ఇంటి దగ్గర
పొద్దున్నే, కొట్టు తెరవకముందు

బుజ్జీ, నా తల్లీ,

ఉంది! మా వరస ఉంది! నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అయినా నా చేత్తో రాస్తేనే నాకు తృప్తి.

అసలు మూడో సర్వే ఎప్పుడు జరిగిందో మాకెవరికీ తెలీదు. మేమంతా గొడుగు కోసం చూస్తున్నాం. ఆయన గొడుగు లేకుండా వచ్చాడే! గొడుగు లేకపోతే ఆయన్ని ఎవరు గుర్తుపడతారు? ఒకసారి వచ్చి మామయ్య దగ్గర దగ్గు మందు అడిగాడట. "మీ దగ్గుకి మందక్కర్లేదు, వేడినీళ్లు తాగండి" అని మామయ్య పంపేశాడు. ఇంకోసారి సెలూన్‌లో తన వంతు కోసం కూర్చుని పేటలో అందరి కబుర్లూ విన్నాడు. ఇంకోసారి నా కొట్టుకే వచ్చాడు. నేను లేను, చెప్పుల పెద్దాయన ఉన్నాడు. ఈయన తెల్ల దారం అడిగితే ఆయన "లేసు ఇవ్వనా?" అన్నాడట.

చివరిసారి వచ్చినప్పుడు ఉన్నట్టుండి వాన. తడిసి ముద్దయి కిరాణా అక్కయ్య చూరు కింద నిలబడ్డాడు. ఆవిడ సంగతి తెలుసుగా. "ఈ అకాల వానలో గొడుగు లేకుండా తిరిగేదెవరయ్యా, బుద్ధి ఉండక్కర్లా?" అని నాలుగు చీవాట్లు పెట్టి, పేరూ ఊరూ అడగకుండా తన గొడుగు చేతిలో పెట్టింది. నాలుగో రోజు ఆయన రెండు గొడుగులతో వచ్చాడు. నల్లది వేసుకుని, అక్కయ్యది మడిచి పట్టుకుని. అప్పుడు తెలిసింది మాకు! అక్కయ్య పీట మీద కూలబడిపోయింది. ఆయన నవ్వి, "ఇన్ని సర్వేలు చేశానమ్మా, గొడుగు అరువిచ్చిన అంగడి ఇదొక్కటే. అదీ రాశాను" అన్నాడు.

నిన్న పుస్తకం వచ్చింది. మీవాళ్లు వరసకొకటి పంపారు. చదివేది నేనేనని అందరూ నా చేతిలో పెట్టారు. ఈ పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు మా వరస పేరు ఎక్కడుందో చూద్దామని పేజీలు తిప్పాను. పేట అంగళ్ల అధ్యాయం దొరికింది. మొదట్లోనే, దగ్గర అంటే ఏమిటో చెప్పారు. అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ దించుతున్నాను:

"పొయ్యి మీద పాలు పెట్టి వెళ్లి, పొంగేలోపు తిరిగి రాగలిగినంత దూరం. మీటర్లలో కొలత పుస్తకం చివర చూడగలరు."

బుజ్జీ! ఇది నేను నీ మీద కోపంతో రాసిన మాట. నువ్వు వెళ్లిపోయే ముందు దాన్ని అక్కడ పెట్టావన్నమాట, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మీ పెద్దావిడ దాన్ని కొట్టెయ్యలేదు, ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. పుస్తకం రాసినవాళ్ల పేర్లన్నీ వెనక వేశారు, నీ పేరు లేదు. మీ అన్నయ్య మళ్లీ మళ్లీ వెతికారు. నేను మాత్రం వెతకలేదు. ఆ మాట చూశాక ఆ అధ్యాయం ఎవరిదో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కొట్టుకెళ్లగానే వరసవాళ్లందరికీ కూడా చదివి వినిపిస్తాను, రాసింది ఎవరో కూడా చెబుతాను.

అదే చదువుతూ, మళ్లీ చదువుతూ, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నానా, వంటింట్లోంచి మీ అన్నయ్య కేక! పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఇన్నేళ్లలో మొదటిసారి. "నీ దూరం తప్పింది" అని ఆయన ఒకటే నవ్వు. నవ్వనీ.

నీ బూడిదనీలం బొత్తాం దొరికింది. అట్టడుగు సీసాలో ఉంది, ఒక్కటే. దీన్ని పోస్టులో పంపను. కోటు పట్టుకుని నువ్వే రా, కొట్లో కూర్చోబెట్టి నా చేత్తో కుడతాను. బయటివాళ్లు వస్తే మళ్లీ లెక్క తప్పుతుందేమోనని భయపడకు. మొన్న గొడుగాయన్నే అడిగాను, ఆడపడుచు బయటి మనిషి కిందికి వస్తుందా అని. ఆయన ఆలోచించాడు. రాదని నేనే చెప్పాను. రాసుకున్నాడు.

నీ వదిన